దొంగ ఊబి – ఒక ప్రయోగము

కీర్తనల గ్రంథమున నలువదియవ కీర్తనలో "దొంగ ఊబి" యను మాట కలదు. ఒకనాటి ఉదయ ప్రార్థనానంతరమున ఎనిమిదవ తరగతి బాలుడొకడు మాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, ఊబికి దొంగ యను పేరేల వచ్చినది? అది ప్రాణిని నిజముగా మ్రింగివేయునా?" అని యడిగెను.

ఆ ప్రశ్నకు కారణము లేకపోలేదు. వేసవిలో మా ఇబ్రహీంపట్నము చెరువు నీరు వెనుకకు తగ్గినపుడు, గేదె యొకటి వాని కన్నులయెదుటనే మోకాళ్లు దాటి బురదలో దిగబడినదట. నలుగురు మగవారు పలుపు పట్టి లాగినను అది కదలలేదు. పెనుగులాడినకొలది మరింత దిగబడెను. తుదకు ముసలి కాపరి యొకడు వారిని వారించి, దాని కాళ్లచుట్టునున్న బురదను చేతులతో తోడించి, నీళ్లు పోయించి, ముందు చొప్పకట్టలు పరపించి, మెల్లమెల్లగా దానిని వెలుపలికి దీసెనట. బురదలో చిక్కినదానికి మరల నీళ్లు పోయుట యేలనో బాలునికి బోధపడలేదు. మాటలతో జెప్పుటకంటె చేసి చూపుట మేలని తలంచి, తరగతిలో నొక చిన్న ఊబిని తయారుచేయ నిశ్చయించితిమి.

ఒక పాత ప్లాస్టిక్ బాల్చీకి అడుగుభాగమున రంధ్రము చేసి, రబ్బరు గొట్టమును బిగించి, సందులను మైనముతో మూసితిమి. నీరు అంతటను సమముగా వ్యాపించుటకై అడుగున గులకరాళ్లు పరచి, వానిపై గోనెగుడ్డను కప్పితిమి. దానిపై కడిగిన సన్నని ఇసుకను 15 సెంటీమీటర్ల మందమున పోసి, అందులో నొక రబ్బరు బంతిని పాతిపెట్టితిమి. గొట్టము రెండవకొనను బల్లపై నెత్తుగా నుంచిన నీటితొట్టి కుళాయికి తగిలించితిమి. ఇసుక పూర్తిగా తడిసినపిమ్మట కుళాయి కట్టివేసి, పైన నొక రాయి నుంచగా అది నేలపై నున్నట్లే కదలక నిలిచెను.

పిమ్మట కుళాయిని కొంచెము కొంచెముగా విప్పితిమి. మొదట ఇసుకలో మార్పేమియు గానరాలేదు. మరికొంత విప్పగానే ఇసుక పైభాగము ఉడుకుచున్న జావవలె కదలాడెను. రాయి ఒక్క క్షణములో మునిగిపోయెను. పాతిపెట్టిన బంతి పైకి తేలి వచ్చెను. పిల్లలు కేకలు వేసిరి. వెంటనే కుళాయి కట్టి, ఒక బాలుని ఆ రాతిని దీయుమంటిమి. వాడు రెండుచేతులతో లాగినను అది సులభముగా రాలేదు. మరల నీరు వదలగా నొక్క చేతితో దీసెను. కాపరి నీళ్లు పోయించిన మర్మము వానికి అప్పుడు తెలిసినది.

ఇందలి కారణము వినుడు. ఊబి యనునది ప్రత్యేకమైన యొక ఇసుకజాతి కాదు. ఇసుకకు కలుగు నొక అవస్థ మాత్రమే. ఇసుకరేణువులు ఒకదానిపై నొకటి ఆనుకొని యుండుటచేతనే ఇసుక మన బరువును మోయుచున్నది. క్రిందినుండి పైకి వచ్చు నీరు ప్రతి రేణువును పైకి నెట్టును. ఆ నెట్టుడు నీటిలోని రేణువుల బరువునకు సమానమైనపుడు వాని పట్టు విడిపోయి, ఇసుక ద్రవమువలె ప్రవర్తించును. లెక్క కూడ సులభమే. తొట్టిలోని నీటిమట్టము బాల్చీలోని నీటిమట్టముకంటె సుమారుగా ఇసుక మందమంత ఎత్తున నుండవలెను. గొట్టములోను గులకరాళ్లలోను కొంత ఒత్తిడి తగ్గును గావున మరికొంత ఎత్తు అవసరమగును.

ఇక ఊబి మనుష్యుని మ్రింగునా? నీటితో నిండిన ఇసుక లీటరునకు సుమారు 2 కిలోగ్రాములు తూగును. మనుష్యదేహము లీటరునకు సుమారు 1 కిలోగ్రాము మాత్రమే. కాబట్టి మన బంతి తేలినట్లే మనుష్యుడును తేలవలెను. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2005 లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, ఊబిలో పడినవాడు నడుము దాటి మునుగడు. కాని చిక్కిన పాదమును సెకనుకు ఒక సెంటీమీటరు వేగమున పైకి లాగుటకు, నడితరపు మోటారుకారును ఎత్తునంతటి బలము కావలెనట! పాదము విడిచిన చోటికి నీరు చేరుటకు వ్యవధి లేకపోవుటయే దీనికి కారణము. అదిమి పట్టుటయే దాని దొంగతనము. పట్టుబడినవానిని చంపునది ఊబి కాదు. పైకి వచ్చు నీరు, ఎండ, అలసట.

కొందరు మొక్కజొన్న గంజిపిండిని నీటితో కలిపి దానినే ఊబి యందురు. అది చూడదగిన వింతయే గాని ఊబి కాదు. వ్రేలు మెల్లగా దించిన దిగును, పిడికిట గ్రుద్దిన గట్టిపడును. ఊబి యందుకు విరుద్ధము, కదలించినకొలది పలుచనగును.

ఈ బాల్చీలో జరిగినది పెద్ద కట్టడముల క్రిందను జరుగును. ఆనకట్టకు ఎగువ నీరు ఎత్తుగా నిలిచినపుడు, అది పునాది క్రింది ఇసుకగుండా ప్రవహించి దిగువన పైకి ఉబుకును. వేగము మితిమీరినచో ఇసుకను గూడ కొనిపోవును. గోదావరిపై మేడిగడ్డ ఆనకట్ట స్తంభములు కొన్ని 2023 అక్టోబరులో క్రుంగినపుడు, పరీక్షించిన నిపుణులు పునాది క్రింది ఇసుక కొట్టుకొనిపోవుటను ముఖ్యకారణముగా జెప్పి, రూపకల్పనలోను నిర్మాణములోను నిర్వహణలోను లోపములను గూడ చూపిరి. అదే గోదావరిపై ధవళేశ్వరము వద్ద ఆర్థర్ కాటన్ దొర 1847 మొదలు 1852 వరకు నిర్మించిన ఆనకట్టయు ఇసుకమీదనే నిలిచినది. అట్టి కట్టడమున ఆనకట్ట వెడల్పు పెంచి, దిగువన రాళ్లు పరచి, నీటిదారిని దీర్ఘము చేసి, దాని వేగమును తగ్గింతురు. ఇసుకమీద ఇల్లు కట్టినవాని ఉపమానము మీరెల్లరు ఎరుగుదురు. ఇసుకమీద కట్టక తప్పనివాడు నీటి నడకను బాగుగా నెరుగవలెను.

మన చెరువుగట్టు వెలుపలి యడుగున నీరు ఊరుచుండిన, అది తేటగా నున్నదో, మట్టితో కలసి వచ్చుచున్నదో గమనింపుడు. మట్టితో వచ్చినచో గట్టుకు బుంగ పడుచున్నదని భావించి, వెంటనే పెద్దలకు తెలియజేయుడు.

విద్యార్థులారా, ఈ ప్రయోగమును బాల్చీలోనే చేయుడు. చెరువులోను ఏటిలోను చేయరాదు. ఎప్పుడైనను కాళ్లు దిగబడినచో చేతిలోని బరువును వదలి, వెల్లకిల వాలి, కాళ్లను ఒక్కొక్కటిగా మెల్లగా ఆడించి, నీటిని లోనికి రానిండు. ఇతరులు చిక్కినపుడు మీరు దిగక, కర్రయో త్రాడో అందించి పెద్దలను పిలువుడు. బలవంతముగా లాగకుడు.

ఆ బాలుడు తన తరగతి నోటుపుస్తకములో ఇట్లు వ్రాసికొనెను: "ఊబిలో తొందరపడువాడు చిక్కును, ఓర్చినవాడు బయటపడును." మేము దానికి దిద్దుబాటేమియు చేయలేదు.