స్వర్ణ-సబ్1 వడ్లకు బంగారు వన్నె ఏల లేదు?



స్వర్ణ, అనగా ఎం.టి.యు. 7029, మార్టేరు పరిశోధన స్థానమున వసిష్ఠ, మసూరి రకముల సంకరము వలన పుట్టి 1982లో విడుదలయ్యెను. దాని వడ్లు బంగారు వన్నెగలవని మీరెల్లరు నెఱుగుదురు. ముంపునకు తాళు స్వర్ణ-సబ్1 మన దేశమున 2009లో విడుదలయ్యెను. ఇది దుబ్బునందును, పంటకాలమునందును, బియ్యమునందును స్వర్ణను పోలియుండును. వడ్లు మాత్రము ఎండుగడ్డి రంగున నుండును. ఈ రంగును జూచి విత్తనము కల్తీయని త్రోసివేయరాదు. బంటుమిల్లి వంటి పల్లపు తావున, సార్వా వానలకు మురుగు తీయని చేలు గలవారికి, ఈ సంగతి తెలిసియుండుట యవసరము.

గుణములు కూడియుండు విధము

వరి మొక్క ప్రతి కణమునందును క్రోమోసోములను సన్నని పోగులు 24 కలవు. ఇవి 12 జతలు. ప్రతి జతలో నొకటి తల్లినుండియు, నొకటి తండ్రినుండియు వచ్చినవి. గుణములను నిర్ణయించు జన్యువులు ఈ పోగులపై, మోకునకు వేసిన ముడులవలె, వరుసగా నుండును. ఒక మోకును లాగినచో దాని ముడులన్నియు కూడ వచ్చునుగదా. అట్లే ఒక పోగుపైనున్న గుణములు సాధారణముగా కలిసియే సంతానమునకు బోవును.

మార్పిడి జరుగు తీరు

పుప్పొడియు, అండమును ఏర్పడునపుడు కణము క్షయకరణ విభజన నొందును. అప్పుడు 24 పోగులు 12 అగును. దీనికి ముందు ప్రతి పోగును తనవంటి మఱియొక పోగును చేసికొని, జతలోని రెండవదాని ప్రక్కన చేరును. అప్పుడు తల్లి పోగొకటియు తండ్రి పోగొకటియు ఒకే కొలత వద్ద తెగి, దీని కొన దానికిని, దాని కొన దీనికిని అతుకుకొనును. ఎఱ్ఱ మోకును, తెల్ల మోకును ఒకే చోట కోసి, కొనలు మార్చి ముడివేసినట్లు ఇది జరుగును. దీనినే వినిమయమందురు.

1931లో అమెరికాలో హారియెట్ క్రైటన్, బార్బరా మెక్లింటాక్ అను శాస్త్రజ్ఞురాండ్రు మొక్కజొన్నను పరీక్షించి, గింజ గుణములు తారుమారైన చోట పోగుల ముక్కలును తారుమారైనవని రుజువు చేసిరి.

రెండు ముడులు దూరముగా నున్నచో వాని నడుమ కోత పడుట సులభము. మిక్కిలి దగ్గరగా నున్నచో అరుదు. మన ప్రశ్నకు జవాబిందే యున్నది.

స్వర్ణకు ముంపుగుణము వచ్చిన విధము

ఒడిశాలోని ధాల్‌పుటియా యను నాటురకమునుండి ఏరిన ఎఫ్.ఆర్. 13ఎ వరి ముంపునకు తాళును గాని, దిగుబడి తక్కువ. దాని గుణమునకు మూలము 9వ క్రోమోసోముపైనున్న సబ్1 అను తావు. అందలి ముఖ్య జన్యువును 2006లో గుర్తించిరి. నీట మునిగినపుడు ఈ జన్యువు మొక్కను ఊరక పొడుగు సాగనీయక, బలమును దాచియుంచును. నీరు తీసిన పిదప మొక్క మరల చిగుర్చును.

ఫిలిప్పైన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు ఈ వంశపు వరిని స్వర్ణతో సంకరించి, వచ్చిన మొక్కలను మరల మరల స్వర్ణతోనే సంకరించిరి. ఇతర పోగులపైని పరగుణములు తరతరమునకు సగము తగ్గును. కాని సబ్1కు ఇరుప్రక్కల నున్న ముక్క దానిని విడువదు. కావున ఆకు ముక్కలు పరీక్షించి, ఒక తరమున ఒకప్రక్క వినిమయము జరిగిన మొక్కను, మఱియొక తరమున రెండవప్రక్క జరిగినదానిని ఏరిరి. అంతచేసినను, బంగారు వన్నెను అణచు జన్యువు సబ్1కు అత్యంత సమీపమున నుండుటచే, నడుమ కోత పడలేదు. ఆ గుణము వెంటవచ్చెను. వడ్ల రంగు మారుటకు కారణమిదియే. ఇది కల్తీ కాదు.

రైతులు గమనింపవలసినవి

1. స్వర్ణ-సబ్1 చేనిలో బంగారు వన్నె వెన్నులు కనబడినచో అవి కేళీలు. విత్తనపు మడినుండి కోతకు ముందే ఏరివేయవలెను.

2. ఈ విత్తనమును ఇంట నిలువచేసికొనవచ్చును. జతలోని పోగులు రెండును ఒకే తీరుననున్నందున, వినిమయము జరిగినను కొత్త గుణము పుట్టదు.

3. సంకర విత్తనపు పంటనుండి విత్తనము తీయరాదు. అందు జతలోని పోగులు వేర్వేరగుటచే, మరుసటి పంటలో మొక్కలు పలు తీరుల చీలిపోవును.

4. పైరు పూర్తిగా మునిగినను సుమారు రెండు వారములు తాళును. బురదనీరైనచో అంతకాలము తాళదు. ఉప్పునేలకు ఈ జన్యువు మందు కాదు. ఆ గుణము వేరు.

విత్తనము కొనునపుడు సంచి చీటీపై రకము పేరు చదివి, వడ్ల రంగు సరిచూచుకొని, ఆ చీటీని భద్రపరచుకొనుడని కోరుచున్నాము.