హీరోగారికి ఓటెక్కడ వెయ్యాలి?

మొన్న విశాఖలో ఓ కొత్త సినిమా మార్నింగ్ షోకి వెళ్ళాను. ఇంటర్వెల్‌లో టీ తాగుతుంటే పక్కనున్న కుర్రాడు పలకరించాడు.

"మా హీరోగారిని రాజ్యసభకి పంపిస్తారటండీ! మరి మేం ఓటెక్కడ వెయ్యాలి?"

"ఆ ఎన్నికలో మనకి ఓటుండదు తమ్ముడూ" అన్నాను. పాపం, అతని మొహం చిన్నబోయింది.

"అయితే అభిమానులకి విలువే లేదన్నమాట!"

ఉందో లేదో చూద్దాం. సినిమావాళ్ళు రాజ్యసభకి వెళ్ళే దారులు రెండు. ఒకటి నామినేషన్. కళ, సాహిత్యం, విజ్ఞానం, సంఘసేవ... వీటిలో అనుభవమున్న 12 మందిని రాష్ట్రపతి నియమిస్తారు. 1952లో పృథ్వీరాజ్ కపూర్, 1980లో నర్గీస్, 2022లో ఇళయరాజా, 'ఆర్.ఆర్.ఆర్.' కథా రచయిత విజయేంద్రప్రసాద్ వెళ్ళింది ఈ దారినే.

రెండోది ఎన్నిక. 1995లో మోహన్‌బాబు, 1996లో జయప్రద, 2012లో చిరంజీవి ఆంధ్రప్రదేశ్ నుంచి ఎన్నికైనవాళ్ళు. తేడా ఏముందంటారా? రాష్ట్రపతి ఎన్నికలో ఎన్నికైన సభ్యులకి ఓటుంటుంది, నామినేటెడ్ సభ్యులకి ఉండదు!

ఇంతకీ ఎన్నుకునేదెవరు? మన ఎమ్మెల్యేలు. ఆంధ్రప్రదేశ్‌కి 11 సీట్లు, తెలంగాణకి 7. పదవి ఆరేళ్ళు. రెండేళ్ళకోసారి మూడోవంతు మంది దిగిపోతారు. ఖాళీలకంటే అభ్యర్థులు ఎక్కువైతేనే పోలింగు, లేకపోతే ఏకగ్రీవమే.

పోలింగైతే లెక్క తమాషాగా ఉంటుంది. ఎమ్మెల్యే పేర్లకెదురుగా 1, 2, 3 అని అంకెలు వేస్తాడు. ఒక్కో ఓటు విలువ 100. ఆంధ్ర అసెంబ్లీలో 175 మందీ ఓటేస్తే మొత్తం 17,500. ఖాళీలు మూడనుకోండి. దానికి ఒకటి కలిపి, నాలుగుతో భాగించి, వచ్చినదానికి మళ్ళీ ఒకటి కలపాలి. 4,376! అంటే 44 మంది ఎమ్మెల్యేల మొదటి ఓటు దక్కినవాడు గెలిచినట్టే. ఒక హాల్లో హౌస్‌ఫుల్ బోర్డు పెడితే మనం పక్క హాలుకి పరిగెత్తమూ? అలాగే గెలిచినవాడి దగ్గర మిగిలిన ఓట్ల విలువ రెండో అంకె వేసినవాళ్ళకి వెళుతుంది. అందరికంటే వెనకబడి పోటీలోంచి తప్పుకున్నవాడి ఓట్లూ అంతే.

పైగా 2003లో చట్టం మార్చారు. పార్టీ ఎమ్మెల్యే తన బ్యాలెట్‌ని పెట్టెలో వేసేముందు పార్టీ ఏజెంటుకి చూపించాలి. అంచేత ఏ పార్టీకి ఎంతమంది ఎమ్మెల్యేలున్నారో చూస్తే చాలు, ఫలితం చాలావరకు ముందే తెలిసిపోతుంది.

ఇదంతా విని కుర్రాడు తల గోక్కున్నాడు.

"పోయిన అసెంబ్లీ ఎన్నికల్లో ఓటేశావా?" అడిగాను.

"లేదండీ... సెలవు కదాని ఫ్రెండ్స్‌తో బీచికెళ్ళాను."

"మరి ఆ 175 మందిని ఎన్నుకున్న రోజు అదే కదయ్యా! మీ హీరోగారికి నువ్వెయ్యాల్సిన ఓటు ఆ రోజే పోయింది."

బెల్లు మోగింది. గబగబా లోపలికి నడుస్తూ, "ఈసారి మాత్రం వదలనండీ!" అన్నాడు.

మరి మీరు?