పగడపు దిబ్బకు వార్షిక పద్దు చాలదు

పార్లమెంటులో కాలాన్ని కొలిచే కొలబద్ద బడ్జెట్టు సంవత్సరం. సభ్యులు ఏ శాఖను గురించి ప్రశ్నించినా, మంత్రుల సమాధానాలలో గత ఏటికీ ఈ ఏటికీ గల వ్యత్యాసమే ప్రధానంగా వినవస్తుంది. పత్రికా ప్రతినిధుల గ్యాలరీలో కూర్చుని ఏళ్ల తరబడి ఆ అంకెలు రాసుకున్న నాకు, సముద్రం విషయంలో ఈ కొలబద్ద ఎంత పొట్టిదో లక్షద్వీప్ పగడపు దిబ్బల ఉదంతం విశదం చేసింది.

36 దీవులు, 32 చదరపు కిలోమీటర్ల నేల, లోక్‌సభలో ఒకే ఒక స్థానం: దేశంలో లక్షద్వీప్ వాటా ఇంతే. సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తున మాత్రమే ఉన్న ఆ దీవులకు పగడపు దిబ్బలే ప్రాకారాలు. అలల ఉద్ధృతిని అవి అడ్డుకోకపోతే తీరం కోతకు గురి అవుతుంది. నీరు మితిమీరి వేడెక్కినప్పుడు పగడపు జీవులు తమకు ఆహారం సమకూర్చే సూక్ష్మమైన నాచును వెలికి నెట్టి తెల్లబారతాయి. వేడి తగ్గకుంటే మరణిస్తాయి.

1998, 2010, 2016 సంవత్సరాలలో అక్కడ ఈ విపత్తు సంభవించింది. నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ శాస్త్రజ్ఞులు అగత్తి, కద్మత్, కవరత్తి దీవుల వద్ద 24 ఏళ్లపాటు సజీవ పగడం విస్తీర్ణాన్ని లెక్కగట్టారు. విపత్తు విపత్తుకూ పగడాల మరణాలు తగ్గుతూ వచ్చాయి. ఈ ఒక్క అంకెనే సభకు నివేదిస్తే బల్లలు చరిచి హర్షించవచ్చు. కాని కోలుకునే వేగమూ తగ్గిందనీ, 1998లో సుమారు 37 శాతం ఉన్న సజీవ పగడం 2022 నాటికి 20 శాతం లోపునకు దిగజారిందనీ దీర్ఘకాలపు లెక్క తేల్చింది. విపత్తుల నడుమ ఆరేళ్ల వ్యవధి దొరికితే దిబ్బ చెప్పుకోదగినంతగా కోలుకోగలదని వెల్లడించినదీ ఆ లెక్కే. 2024లో పగడాలు మళ్లీ తెల్లబారాయి.

ప్రతి తరమూ తాను మొదట చూసిన సముద్రాన్నే సహజమని భావిస్తుందని మత్స్యశాస్త్రవేత్త డేనియల్ పౌలీ 1995లో హెచ్చరించారు. తాత చూసిన దిబ్బ లెక్కకు ఎక్కకపోతే, మనుమడికి తాను కోల్పోయినదేమిటో తెలియదు.

అదే చోట, అదే పద్ధతిలో, ఏటేటా కొలిచే పనికి ప్రారంభోత్సవాలు ఉండవు, శిలాఫలకాలు ఉండవు. అందుకే ప్రభుత్వాలు మారినా ఆగని పద్దుగా దానికి నిధులు కేటాయించడం అవసరం. ఒక ఏడు కొలవక విడిచిపెడితే, తరువాత ఎంత ధనం వెచ్చించినా ఆ ఏటి సముద్రాన్ని తిరిగి కొలవలేము.