షోలవరంలో నెగ్గింది ఈ బండేనా?

గోదావరి జిల్లాల్లో పాత బుల్లెట్ అమ్మకానికి వస్తే వెంట ఒక కథా వస్తుంది. "మా పెదనాన్నగారు దీనిమీద షోలవరం రేసులో నెగ్గారండీ!" అంటారు. ఆ ఒక్క మాటతో రేటు పెరుగుతుంది. కాబట్టి బండితోపాటు కథనూ తనిఖీ చెయ్యాలి.

బుల్లెట్‌కు పోటీల పేరు ఊరికే రాలేదు. 1948లో ఇటలీలోని సాన్‌రెమోలో ఆరు రోజుల పోటీ నెగ్గిన బ్రిటిష్ జట్టులో దీని తొలి నమూనాలున్నాయి. 1952లో స్కాట్లండ్ ఆరు రోజుల ట్రయల్‌లో జానీ బ్రిటెన్ గెలిచిన బండి నంబరు హెచ్ఎన్‌పీ 331 అని ఈనాటికీ చెప్పగలం. బుల్లెట్ గెలిచిందనడం వేరు, ఈ బుల్లెట్టే గెలిచిందనడం వేరు.

1955లో మద్రాసులో బుల్లెట్లు తయారుచేసే ఎన్‌ఫీల్డ్ ఇండియా పుట్టింది. మొదట్లో ఇంగ్లండులోని రెడిచ్ నుంచి వచ్చిన భాగాలను ఇక్కడ బిగించేవారు. 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు, 346 సీసీ. ఆ అచ్చు దశాబ్దాలపాటు పెద్దగా మారలేదు. ఎనభైల నాటి సామాను యాభైల బండికి పట్టేస్తుంది. నిజాయితీగా రిపేరు చేసేవాడికి అదే వరం, నకిలీ బండి తయారుచేసేవాడికీ అదే వరం.

ముందు చూడాల్సింది ఛాసిస్ నంబరు. ఆర్టీవో ఆఫీసులో కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీస్తారు కదా, అదే. అంతర్వేది వైపు ఉప్పుగాలికి అది తుప్పుపట్టి ఉంటుంది, లేదంటే ఎవరో గ్రైండరు పెట్టి ఉంటారు. అయినా ఆశ వదులుకోనక్కర్లేదు. నంబరు కొట్టే పంచ్ దెబ్బకు పైకి కనిపించే గాడితోపాటు దాని అడుగున ఉక్కు స్ఫటికాలూ నలుగుతాయి. పైపొర అరగదీసినా ఆ నలిగిన చోటు కొంత మిగులుతుంది. నున్నగా పాలిష్ చేసి, కుప్రిక్ క్లోరైడు, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిసిన ఫ్రై ద్రావణం రాస్తే నలిగిన లోహం, నలగని లోహం ఒకేలా కరగవు. చెరిపేసిన అంకె మసగ్గా తేలుతుంది. మరీ లోతుగా చెక్కేస్తే మాత్రం తేలదు. ఇంజిన్ నంబరుండే క్రాంక్‌కేసు అల్యూమినియం కాబట్టి దానికి వేరే మందు కావాలి. ఇవన్నీ ఫోరెన్సిక్ లాబ్ పనులు, షెడ్డులో చేసేవి కావు.

నంబరు ప్లేటూ కొంత చెబుతుంది. ఏపీ 5, ఏపీ 37 వరసలు 1989 తర్వాతివి. అరవైల నుంచీ ఇంట్లోనే ఉందన్న బండికి ఆ నంబరుంటే, మళ్లీ ఎందుకు రిజిస్టరు చేయించారో అడగాలి.

ఇక రేసు సంగతి. షోలవరం మద్రాసు దగ్గర రెండో ప్రపంచయుద్ధ కాలపు రన్‌వే, అక్కడ పోటీలు నడిపింది 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్. ఆనాటి రేసు కరపత్రం, పత్రికలో ఫలితం, నంబరు కనిపించే ఫొటో కావాలి. డ్రెయిన్ బోల్టుకు రేసు బండ్లలో కట్టే సేఫ్టీ వైరు కోసం కన్నం ఉంటే అది రేసుల్లో తిరిగిందనడానికి ఒక సూచన మాత్రమే, రుజువు కాదు. అలాంటి కన్నం ఎవరైనా నిన్న పొద్దున కూడా వేయొచ్చు.

2021 కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, ఛాసిస్‌లో, ఇంజిన్‌లో పెద్ద మార్పుల్లేని బండికే 'వీఏ' అక్షరాలున్న వింటేజ్ నంబరు ఇస్తారు. కనుక మీ ఇంట్లో తాతగారి బుల్లెట్ ఉంటే పెయింటింగ్‌కు ఇచ్చే ముందు రెండు నంబర్లనూ ఫొటో తీయండి, సి-బుక్కు పారేయకండి, నంబరుండే ఛాసిస్ మెడ దగ్గర గ్రైండరు పెట్టనివ్వకండి.