ఆపండి, ఆపకండి: మధ్యలో ఒక్క అక్షరం

2020లో ఎవరికి ఫోన్ చేసినా ముందు కరోనా హెచ్చరిక వినిపించేది. హిందీ, ఇంగ్లీషుల్లో ఆ గొంతు ఢిల్లీ వాయిస్ ఆర్టిస్టు జస్లీన్ భల్లాది. ఆ తర్వాత కొన్నాళ్లు అమితాబ్ బచ్చన్ గొంతు వినిపించింది. 2021 జనవరిలో టీకా సందేశంతో మళ్లీ భల్లా గొంతే వచ్చింది. ఢిల్లీ నుంచి ఇలాంటి ఆరోగ్య సందేశాలు తెలుగులోకీ వస్తుంటాయి. వాటిని మైకు ముందు చదివి వినిపించడం తేలికన్న నమ్మకం మనలో చాలామందికి ఉంది.

అపోహ: గంభీరమైన గొంతుంటే సగం పని అయినట్టే.

వాస్తవం: ఆ గొంతు భల్లాదని మొదట్లో జనానికి తెలియదు. అయినా మాట చేరింది. పోరాడాల్సింది రోగంతో, రోగితో కాదన్నది ఆ సందేశంలో కీలకం. రోగం, రోగి అన్న రెండు మాటలనూ విడివిడిగా నొక్కి పలకకపోతే అది చెవిలో కలగాపులగమైపోతుంది. ఆ నొక్కు ఎక్కడ పడాలో తెలియడమే అసలు విద్య.

అపోహ: తెలుగు బాగా వస్తే ఒకసారి చూసుకుని చదివేయొచ్చు.

వాస్తవం: నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. వాక్యం చివరికొచ్చేసరికి ఊపిరి తగ్గి గొంతు దిగుతుంది. తెలుగులో ‘వద్దు’ అన్న అర్థం సరిగ్గా అక్కడే ఉంటుంది. క్షయకు మామూలుగా కనీసం ఆరు నెలలు మందులు వాడాలి. ‘దగ్గు తగ్గినా మాత్రలు ఆపకండి’ అన్న వాక్యంలో ఆ ‘క’ కుక్కర్ కూతలో కొట్టుకుపోతే, విన్నవాళ్లకు మిగిలేది ‘ఆపండి’. అనుభవమున్నవాళ్లు రికార్డింగ్‌కు ముందే స్క్రిప్టు రాసినవారిని అడిగి, దాన్ని ‘వేసుకుంటూనే ఉండండి’ అని మార్పించుకుంటారు. అంకెలదీ ఇదే బాధ. ఇన్సులిన్ ఇరవై యూనిట్లా, అరవై యూనిట్లా? తేడా తొలి అచ్చులోనే ఉంది. దాన్ని మింగేస్తే ప్రాణం మీదికొస్తుంది. అందుకే అంకె చెప్పాక ‘రెండు, సున్నా’ అని విడదీసి మళ్లీ చెప్పడం మేలు.

అపోహ: జబ్బుల ఇంగ్లీషు పేర్లు గడగడా పలికితే చాలు.

వాస్తవం: హైపో అంటే తక్కువ, హైపర్ అంటే ఎక్కువ. గడగడా పలికితే ముందు నలిగేది ఆ తేడాయే. అదే తెలుగులో ‘చక్కెర పడిపోవడం’ అంటే ఎవరికైనా తెలుస్తుంది. కొలతల పేర్లతోనూ ఇదే చిక్కు. థైరాయిడ్ తగ్గినవారికిచ్చే మాత్రల మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది. నోరు జారి మిల్లీగ్రాములంటే వెయ్యి రెట్లు!

అపోహ: హిందీ వీడియో నిడివిలో తెలుగు ఇమడకపోతే కాస్త వేగం పెంచితే సరి.

వాస్తవం: తగ్గించాల్సింది మాటలను. కొత్త మందుల ప్రయోగాల్లో పాల్గొనేవారికి, వారికి అర్థమయ్యే భాషలోనే అన్నీ వివరించాలని 2019 నాటి నిబంధనలు చెబుతున్నాయి. అలా వివరించే వీడియోలో విశేషణాలు ఎన్నైనా కొట్టేయించండి. ‘మీరు ఎప్పుడైనా తప్పుకోవచ్చు, దానివల్ల మీ మామూలు వైద్యానికి లోటు రాదు’ అన్న వాక్యాన్ని మాత్రం నిదానంగా, పూర్తిగా, చివరి అక్షరం దాకా వినిపించండి.