డ్రాయింగ్‌కు సున్నా ఎక్కడ పెట్టాలి? క్యాడ్ నుంచి సిమ్యులేషన్‌కు పంపే ముందు

ఇంజనీరింగ్ చివరి ఏడాది ప్రాజెక్టు చేసే పిల్లలున్న ఇంట్లో ఈ మాట వినిపించే ఉంటుంది: "క్యాడ్‌లో బాగానే ఉంది, సిమ్యులేషన్‌లోకి తెస్తే కనిపించడం లేదు." కనిపించకపోతే నయమే, వెతుక్కుంటారు. కనిపిస్తూనే తప్పు లెక్క ఇస్తేనే చిక్కు. రెండింటికీ ఎక్కువసార్లు కారణం ఒక్కటే, మూలబిందువు. అంటే ఎక్స్, వై, జెడ్ మూడూ సున్నా అయ్యే చోటు, ఒరిజిన్.

మన ఊరి ఉదాహరణే తీసుకుందాం. నౌబాద్ దగ్గర బహమనీల కాలపు కరేజ్ ఉంది, సురంగ్ బావి అంటాం. అందులో నీరు ఎలా పారేదో కంప్యూటర్‌లో చూడాలని ఒక విద్యార్థి అనుకున్నాడనుకోండి. సర్వే డ్రాయింగ్ యూటీఎం కొలతల్లో వస్తుంది. ఆ పద్ధతిలో బీదర్ ఉత్తరపు కొలత సుమారు 19.8 లక్షల మీటర్లు, తూర్పు కొలత సుమారు 7.7 లక్షలు. క్యాడ్ ఈ పెద్ద అంకెల్ని ఇబ్బంది లేకుండా మోస్తుంది. కానీ బైనరీ ఎస్‌టీఎల్ ఫైలుగా ఎగుమతి చేస్తే ప్రతి అంకె 32 బిట్లలోకి కుదించుకుపోతుంది. అందులో పట్టేది దాదాపు ఏడు అంకెలే. 19.8 లక్షల దగ్గర ఒక విలువకూ దాని పక్క విలువకూ మధ్య దూరం 12.5 సెంటీమీటర్లు, 7.7 లక్షల దగ్గర 6.25 సెంటీమీటర్లు. ఆ మధ్యలో పడిన ప్రతి బిందువూ ఏదో ఒక పక్కకు జరగాల్సిందే. నున్నటి సొరంగం గోడ మెట్లు మెట్లుగా తయారవుతుంది. దూరం నుంచి చూస్తే తెలియదు. నీటి ఒరిపిడి లెక్క మాత్రం తప్పుతుంది.

మందు సులువు. ఎగుమతికి ముందే కరేజ్ నోటినో, ఒక నిలువు బావినో సున్నాగా ఎంచుకుని డ్రాయింగ్ మొత్తాన్ని అక్కడికి జరపాలి. ఎంత జరిపామో గుండ్రటి అంకెల్లో ఉంటే మంచిది. ఆ అంకెల్ని డ్రాయింగ్ మీదే రాసిపెట్టాలి, లేకపోతే ఫలితాన్ని మళ్లీ ఊరి మ్యాపు మీద పెట్టలేం.

ఇది కంప్యూటర్లతో వచ్చిన తలనొప్పి కాదు. 1815లో లాంబ్టన్ బృందం బీదర్ పక్కన బేస్‌లైన్ కొలిచింది. దగ్గర్లోని దామర్‌గిద్ద స్టేషన్ అక్షాంశం 18 డిగ్రీల 3 నిమిషాల 15 సెకన్లని ఎవరెస్ట్ తన 1847 పుస్తకంలో నమోదు చేశాడు. దేశం పటాలకు మూలబిందువు మాత్రం మధ్యప్రదేశ్‌లోని కల్యాణ్‌పూర్ అయింది. కొలత ఎక్కడ జరిగినా లెక్క ఎక్కడినుంచి మొదలవుతుందో ముందే తేల్చుకున్నారు, దాన్ని రాసిపెట్టారు.

యంత్ర భాగాల్లో అంకెల పరిమాణం సమస్య కాదు, తిరుగుడే సమస్య. పంపు ఇంపెల్లర్ ఇరుసు సున్నా మీద లేకపోతే, అక్షాన్ని విడిగా చెప్పనంతవరకూ చాలా సాఫ్ట్‌వేర్లు దాన్ని ఒరిజిన్ చుట్టూ తిప్పుతాయి, గానుగెద్దులాగా. 2 కిలోల భాగం 10 సెంటీమీటర్లు పక్కకు జరిగితే జడత్వ భ్రామకంలో 0.02 కిలోగ్రామ్ మీటర్ స్క్వేర్ అదనంగా చేరుతుంది. చిన్న ఇంపెల్లర్‌కు అది అసలు విలువకన్నా ఎక్కువే కావచ్చు. మోటారు ఎంపిక ఆ అంకె మీద ఆధారపడితే డబ్బు వృథా.

సాఫ్ట్‌వేర్ల అలవాట్లు కూడా తెలిసి ఉండాలి. ఆటోక్యాడ్‌లో యూసీఎస్ మార్చితే గీత కదలదు, కొలిచే అక్షాలే మారతాయి. నిజంగా జరపాలంటే మూవ్ కమాండ్‌తో బేస్ పాయింట్ పట్టుకుని 0,0,0కు తేవాలి. సాలిడ్‌వర్క్స్ ఎస్‌టీఎల్ ఎగుమతిలో భాగాన్ని ధన దిశలోకి తనే జరిపేస్తుంది. అలా జరపొద్దనే టిక్ ఆప్షన్లలో ఉంది, కొత్త కోఆర్డినేట్ సిస్టమ్ తయారుచేసి అదే ఎంచుకోవడానికీ చోటు ఉంది. నా దృష్టిలో మొదట చూడాల్సింది ఈ టిక్కే.

ఎస్‌టీఎల్‌లో యూనిట్లు ఉండవు, మిల్లీమీటరు మీటరుగా చదివితే వెయ్యి రెట్ల తేడా. పైకి వెళ్లే అక్షం కొన్నింటిలో జెడ్, కొన్నింటిలో వై.

పంపాక ఒక పరీక్ష చాలు: తెలిసిన ఒక మూలను ఎంచుకుని, దాని మూడు అంకెలు రెండు సాఫ్ట్‌వేర్లలోనూ ఒకటేనా చూడండి.