రాయి చివికితేనే మట్టి.. ఆ పొరలోనే బావి నీరు

పటాన్‌చెరు: సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు పరిసరాల్లో బావి తవ్వితే ముందు ఎర్రమట్టి, దాని కింద నలిపితే పొడి అయ్యే మొరం, ఆ తర్వాతే గట్టి రాయి కనిపిస్తాయి. మొరం వేరే పదార్థమేమీ కాదు. తరతరాల వానలకు చివికిన గ్రానైటే అది. ఈ మార్పునే శాస్త్రవేత్తలు రసాయన శైథిల్యంగా పేర్కొంటారు.

చివికేదిలా..

వాన నీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని బలహీనమైన ఆమ్లంగా మారుతుంది. అది పగుళ్లలోకి దిగినప్పుడు గ్రానైట్‌లోని ఫెల్‌స్పార్‌ క్రమంగా బంకమట్టి అవుతుంది. నల్ల అభ్రకంలోని ఇనుము ప్రాణవాయువుతో కలిసి తుప్పు పడుతుంది. నేల ఎరుపునకు కారణం ఇదే. పలుగురాయి మాత్రం దాదాపు మార్పు లేకుండా ఇసుకగా మిగులుతుంది. రాతి మూలలకు పలు వైపుల నుంచి నీరు తగలడంతో అవి ముందుగా చివికి, నడుమ భాగం గుండ్రని బండగా నిలుస్తుంది.

ఎక్కడ అధికం?

వేడి, తేమ కలిసిన చోట ఈ ప్రక్రియ వేగంగా సాగుతుంది. ఎడారుల్లో, మంచు ప్రాంతాల్లో మందగిస్తుంది. జిల్లాలోని జహీరాబాద్‌ ప్రాంతపు లాటరైట్‌ దీని పరాకాష్ఠ. అక్కడ సిలికా సైతం చాలావరకు కొట్టుకుపోయి ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు మిగిలాయి. నంద్యాల జిల్లాలోని బెలుం గుహలు సున్నపురాయి నీటిలో కరగడం వల్ల ఏర్పడినవే.

నీటికి నెలవు.. విషానికి దారి

పగుళ్లు లేని గ్రానైట్‌లో నీరు నిలవదు. చివికిన పొర, దాని కింది పగుళ్లే బావులకు, బోర్లకు ఆధారం. ఆ పొరే పరిశ్రమల వ్యర్థాలకూ దారి ఇచ్చింది. 1970వ దశకంలో పారిశ్రామికవాడ ఏర్పడ్డాక వ్యర్థజలాలు ఇసుకవాగు, నక్కవాగుల్లోకి చేరి, అక్కడి నుంచి భూగర్భంలోకి ఇంకాయి. ఈ కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం ప్రారంభమైంది. అయినా, ఆ కేంద్రం విడిచిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్‌ అనే యాంటీబయాటిక్‌ ఉన్నట్లు స్వీడన్‌ పరిశోధకులు 2007లో వెల్లడించారు.

పరీక్షే మార్గం

గ్రానైట్‌ చివికేటప్పుడు అందులోని ఫ్లోరైడ్‌ కూడా నీటిలో కలుస్తుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే ఆ నీరు తాగడానికి పనికిరాదు. మరిగించినా ఫ్లోరైడ్‌ పోదు. బావి నీరు చెడితే తప్పు రాతిదో, వ్యర్థాలదో రంగు, రుచి చూసి చెప్పలేం. ప్రయోగశాల పరీక్షే తేల్చాలి. ఫ్లోరైడ్‌ రాతి నుంచి రావచ్చు గానీ, మందుల అవశేషాలు ఏ రాతిలోనూ ఉండవు.